హాలుకి అడ్డంగా

రోసెందో హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు కాలం వెనక్కి నడుస్తుంది. అకార్డియన్ ఒకసారి ఊపిరి పీల్చుకోగానే జంటలన్నీ కుర్చీల్లోంచి లేస్తాయి. అడుగు జారడానికని నేల మీద చల్లిన మొక్కజొన్న పిండి బూట్ల కింద సన్నగా రాసుకుంటుంది. అందరూ ఒకే వాటంగా, గడియారం ముల్లుకి ఎదురుదిక్కుగా, హాలు చుట్టూ కదలడం మొదలుపెడతారు.

శాన్ ఆంటోనియో పడమటి పేటలో పుట్టినవాళ్ళకి ఈ తిరుగుడు ఎవరూ నేర్పరు. అమ్మ చంకలో ఉన్నప్పుడే ఒంటికి పట్టేస్తుంది. జోరున్నవాళ్ళు అంచు వెంబడి పోతారు, మోకాళ్ళ మీద నమ్మకం లేనివాళ్ళు లోపలి వరసలో జరుగుతారు. ఎవరూ ఆగరు. హాలుని అడ్డంగా దాటడమైతే అసలే చెయ్యరు. పెళ్ళిలో తాగి కేకు మీద పడ్డవాణ్ణయినా క్షమిస్తారు గానీ, పాట నడుస్తుండగా అడ్డంగా నడిచినవాణ్ణి గురించి మనవలు పుట్టేదాకా చెప్పుకుంటారు.

లిబ్రాదో గురించి అలాగే చెప్పుకున్నారు. యాభై ఏళ్ళు దాటిన సంగతి అది. అప్పుడతను వైమానిక స్థావరంలో ఇంజన్లు విప్పి బిగించే పనిలో కొత్తగా చేరిన కుర్రాడు. లేత నీలం రంగు బండి కొన్నాడు. ఆ బండిలో పేటకంతటికీ అందగత్తె అయిన ఒఫేలియాని పక్కన కూర్చోబెట్టుకుని హాలుకి వచ్చాడు. పాట సగంలో ఉండగా, చేతిలో ఉన్న ఒఫేలియాని హాలు నడిమధ్యన వదిలేసి, తిరుగుతున్న జంటలని తప్పించుకుంటూ, అవతలి గోడ దగ్గర కూర్చున్న ఒక బక్కపిల్ల దగ్గరికి నడిచి వెళ్ళాడు. ఆ పిల్ల పేరు జెనాయిదా. అక్క బూట్లు అడిగి వేసుకొచ్చింది. అవి కరుస్తుంటే ఆడలేక కుర్చీలో కూలబడింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలీదు. ఏడాది తిరక్కుండా పెళ్ళయింది. ఒఫేలియా మాత్రం ఆ పాట అయ్యేదాకా అక్కడే నిలబడిపోయిందని చూసినవాళ్ళు అంటారు.

ఆ తరవాత లిబ్రాదో, జెనాయిదా ఏ ఆదివారమూ ఇంట్లో లేరు. పొద్దున్నే చర్చి, తరవాత ఆవు తలమాంసం కూరి చుట్టిన రొట్టెలు, ఆపైన హాలు. వాళ్ళది పాతకాలపు నాట్యం. పాదం నేలని విడవదు, ఒళ్ళు పెద్దగా ఊగదు, ఈడ్చినట్టు, జారినట్టు వెళ్ళిపోతుంది. పెరళ్ళలో తిరిగే తక్వాచె అనే పొడుగుమూతి జంతువు నడక అలాగే ఉంటుందని దీనికి దాని పేరే పెట్టారు. లిబ్రాదో పాటకి అరక్షణం వెనక ఉంటాడు. ఆ అరక్షణంలో సర్దుకోవడం తెలియని ఆడది అతనితో ఆడలేదు.

మతిమరుపు చాలా మర్యాదగా వచ్చింది. ముందు పక్కింటివాళ్ళ పేర్లు పట్టుకెళ్ళింది. ఆ తరవాత తాళంచెవులు, నిన్నటి భోజనం. లిబ్రాదో నవ్వేసేవాడు. సరిగ్గా అప్పుడే జెనాయిదా కుడి మోకాలు కూడా మొరాయించింది. అన్నేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను తొక్కిన కాలు అది. ఆపరేషన్ అన్నారు. ఆపరేషన్ అయ్యి తను మంచం మీద ఉంటే ఈయన్ని ఎవరు చూస్తారని ఆవిడ వద్దంది. ఆదివారాలు ఆగిపోయాయి. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయే కుక్కలని చూస్తూ ఉండేవాళ్ళు.

అక్కణ్ణించి మర్యాద పోయింది. మతిమరుపు తలుపు తట్టడం మానేసి ఇంట్లోకి వచ్చేసింది. జీవితమంతా విమానం ఇంజన్లు విప్పిన మనిషి వంటింటి కుళాయి ముందు పానా పట్టుకుని నిలబడి, ఎటు తిప్పాలో తెలీక, పానాని ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాడు. మనవరాలి పేరు అడిగితే పెళ్ళాం మొహం చూశాడు. జెనాయిదాకి ఆ చూపు గుండెలో దిగబడింది.

క్లినిక్‌లో డాక్టరమ్మ పేటలోనే పుట్టి పెరిగిన పిల్ల. పరీక్షలన్నీ చేసి, మందులు రాసి, చివర్లో కలం మూసి, ఈమధ్య ఆయన ఒళ్ళు కదుపుతున్నారా అని అడిగింది. జెనాయిదా మోకాలి సంగతి చెప్పింది. కదలకుండా కూర్చున్నవాళ్ళు తొందరగా జారిపోవడం తను చూస్తూనే ఉన్నానంది డాక్టరమ్మ. నడిచేవాళ్ళు, ముఖ్యంగా మనుషుల మధ్య, పాట మధ్య కదిలేవాళ్ళు మెల్లగా జారతారు. పోయింది తెచ్చిపెడతానని మాట ఇవ్వలేను, ఉన్నది నిలుపుకోవచ్చు అంది. జెనాయిదా ఇంటికొస్తూ దాన్ని తన భాషలోకి మార్చుకుంది. రెక్కాడితే గానీ డొక్కాడదన్నట్టు, ఈయనకి కాలాడితే గానీ తలకాయ ఆడదు.

నడిపిద్దామని చూసింది. ఒక పొద్దున తను దుస్తులు మార్చుకునేలోపు ఒక్కడే బయల్దేరి, ఎప్పుడో మూతపడ్డ వైమానిక స్థావరం దారి పట్టాడు. రొట్టెల దుకాణం ఆవిడ చేయి పట్టుకుని తీసుకొచ్చింది. ముసలివాళ్ళ సెంటర్లో నడక మిషను ఎక్కించారు. ఎంత నడిచినా ఎక్కడికీ పోని రోడ్డు మీద నేను నడవను అని దిగిపోయాడు. అందులో తప్పేం లేదని జెనాయిదాకీ అనిపించింది. చివరికి హాలుకి తీసుకెళ్ళి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళకి అప్పగించింది. వాళ్ళు జోరుగా గెంతే పోల్కా నాట్యానికి లాగినట్టు లాగారు. అతను వాళ్ళ పాదాలు తొక్కి, క్షమాపణ చెప్పి, వచ్చి కూర్చున్నాడు.

అతని అరక్షణం తెలిసిన ఆడవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే. ఒకరికి మోకాలు పోయింది. రెండో మనిషి, అతనికి అసలు నాట్యం నేర్పిన మనిషి, ఒఫేలియా.

కూతురు నోర్మా ఊరికి అటు చివర ఉంటుంది, శనివారాలు వస్తుంది. ఈ ఆలోచన విని గిన్నె కింద పెట్టేసింది.

"కొరివితో తల గోక్కుంటానంటావేంటమ్మా?"

"గోక్కోకపోతే తలే ఉండేట్టు లేదు మిహా, నా తల్లీ," అంది జెనాయిదా.

మొక్కజొన్న పొత్తుల ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలెలు గిన్నె నిండా పెట్టుకుని, పైన గుడ్డ కట్టి, కుంటుకుంటూ ఒఫేలియా ఇంటికి వెళ్ళింది. ఒఫేలియా ఇద్దరు మొగుళ్ళని సాగనంపిన మనిషి. జుట్టుకి కాకిరెక్క రంగు వేస్తుంది. ముందు వాకిట్లో కుండీలకి గొట్టంతో నీళ్ళు పెడుతోంది. ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒకరికొకరు తల ఊపడం తప్ప మాట్లాడుకున్నది లేదు. కిరాణా కొట్లో ఒకరు బియ్యం వైపు వెళితే రెండోవాళ్ళు సబ్బుల వైపు వెళ్ళేవాళ్ళు.

"దారి తప్పావా?" అంది ఒఫేలియా.

"లేదు, నీ ఇంటికే." జెనాయిదా గిన్నెని గేటు మీద ఆనించింది. దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి. "ఆదివారాలు ఆయన్ని నువ్వు ఆడించాలి."

ఒఫేలియా నీళ్ళు కట్టేసింది.

"అప్పుడు అడక్కుండా పట్టుకుపోయావు. ఇప్పుడు అడిగి మరీ తెచ్చిస్తున్నావు. కొత్త బండి తోలుకుపోయి, బ్రేకులు పోయాక తిరిగిచ్చినట్టుంది నీ వరస."

జెనాయిదాకి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే నవ్వు కూడా వచ్చింది. "బ్రేకులు బాగానే ఉన్నాయిలే. రోడ్డే గుర్తుండట్లేదు."

"నన్ను గుర్తుపడతాడా?"

"కొన్ని రోజులు."

"నిన్నో?"

"నన్ను రోజూ," అంది జెనాయిదా. ఆ మాట అనేటప్పుడు నడుము నిటారైంది.

ఒఫేలియా గేటు తీసి గిన్నె అందుకుంది. గుడ్డ ఎత్తి వాసన చూసింది. వెండి రంగు బూట్లు వేసుకొస్తానని, గోడ పక్కన కూర్చుని తన మీద కళ్ళల్లో నిప్పులు పోసుకోవద్దని చెప్పింది. జెనాయిదా సరేనంది. అది తన చేతిలో లేని సంగతని ఇద్దరికీ తెలుసు.

ఆ ఆదివారం హాలంతా ఊపిరి బిగబట్టింది. జెనాయిదా మొగుడి చొక్కా మెడ సర్ది, వెళ్ళి ఒఫేలియాని అడుగు అంది. అతను టోపీ తీసి, పద్ధతిగా గోడ వెంబడే చుట్టు తిరిగి వెళ్ళి, వంగి చేయి చాచాడు. అకార్డియన్ నిదానమైన పాట అందుకుంది. పన్నెండు తీగల గిటారు దాని కింద అడుగులు వేసింది. వాళ్ళిద్దరూ లోపలి వరసలో కలిసిపోయారు.

మొదటి చుట్టులో అతని పాదాలు తడబడ్డాయి. రెండో చుట్టులో భుజాలు దిగాయి. ఆపైన జెనాయిదా లెక్కపెట్టడం మానేసింది. కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది, పిండి పొగలా లేస్తోంది, అందులోంచి ఒకసారి అతని వీపు, ఒకసారి అతని మొహం. ఒక్కో చుట్టుకీ ఆ మొహం మీంచి ఏదో జారిపోతోంది. కంటి కింద సంచులు, నోటి పక్క గీతలు, నెలల తరబడి పట్టిన ఆ అయోమయం. చూస్తున్న కొద్దీ తేటపడుతున్నాడు. జెనాయిదాకి సంతోషం పొంగింది. ఆ సంతోషానికి పక్కనే, దాన్ని ఆనుకునే, అసూయ కూడా కూర్చుంది. ఆవిడ దాన్ని వెళ్ళగొట్టలేదు. ఎక్కడికి వెళ్తుందిలే పాపం అనుకుంది.

ఇంటికొస్తుంటే బండిలో అతను వీధుల పేర్లు వరసగా చదివాడు. మనవరాలి పేరు దానంతటదే నోటికొచ్చింది. సోమవారం పొద్దున వంటింట్లోంచి చప్పుడైతే వెళ్ళి చూసింది. పానా చేతిలో ఉంది, కుళాయి కారడం ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని పెళ్ళాన్ని కోప్పడ్డాడు. ఆ కోపానికి జెనాయిదా సింకు పట్టుకుని ఏడ్చింది.

ఎండాకాలం అలా గడిచింది. వారం చివరికి అతని తలలో మంచు కమ్మేది, ఆదివారం విడిపోయేది. ఒఫేలియా వెండి బూట్లు గోడ పక్క కుర్చీ ముందు నుంచి పోతూ ఉండేవి, వస్తూ ఉండేవి. జెనాయిదా ఒళ్ళో ఇద్దరి చేతిసంచులూ ఉండేవి. విరామంలో ఇద్దరూ ఒకే ఎర్ర సోడా పంచుకునేవాళ్ళు. నీ మొగుడు నా కాలు తొక్కాడని ఒకరు, నీ కాలు అడ్డం వచ్చిందని ఇంకొకరు. హాల్లో జనానికి గుసగుసలాడుకోడానికి ఏమీ మిగల్లేదు.

ఆకులు రాలే రోజుల్లో ఒక ఆదివారం, ఇంటికి మలుపు తిరుగుతుండగా లిబ్రాదో సీట్లో అసౌకర్యంగా కదిలాడు.

"ఒఫేలియాని ఎవరు దింపుతారు? నా బండిలోనే కదా వచ్చింది?"

జెనాయిదా స్టీరింగు తిప్పి మలుపు దాటించింది. ఆమెకి వేరే బండి ఉందని చెప్పింది. అతను కుదుటపడ్డాడు. రాత్రి భోజనంలో ఉడికించిన బీన్స్ రెండోసారి పెట్టించుకుని, ప్లేటు పక్కకి జరిపి, ఎంతో మన్ననగా, "చాలా బాగున్నాయండీ," అన్నాడు. యాభై ఏళ్ళలో ఆవిడకి ఎన్నడూ 'అండీ' తగిలించలేదు. ఆ రాత్రి జెనాయిదా ఆ చిన్న ముక్క పక్కనే పడుకుంది.

రెండు రోజుల తరవాత ఒఫేలియానే వచ్చింది. వాకిట్లోనే నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా చెప్పేసింది. ఆడుతున్నంతసేపూ మీ నాన్నకి నా మీద ఇంకా కోపమా అని తనని అడుగుతున్నాడట. వచ్చే నెల జీతం పెరుగుతుందని చెప్పాడట. తన నాన్న పోయి ముప్పై ఏళ్ళయిందని ఆమె అతనికి చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదు?" అంది జెనాయిదా.

"బాగుంది కాబట్టి." ఒఫేలియా కళ్ళు తిప్పుకోలేదు. "ఒక పాటంతసేపు నాకు పంతొమ్మిదేళ్ళు. దాచుకుందామనే అనుకున్నాను. నీ తమాలెలు అరగలేదు. అందుకే వచ్చాను."

అప్పుడు అర్థమైంది జెనాయిదాకి, తను చేసిన పని. చుట్టు తరవాత చుట్టు, వెనక్కి, వెనక్కి నడిపించింది. నోర్మా పుట్టిన ఏడాది దాటేశాడు. పెళ్ళి దాటేశాడు. ఇప్పుడు నీలం బండీ, ఒఫేలియా ఉన్న ఏడాదిలో హాయిగా తిరుగుతున్నాడు. ఆ ఏడాదిలో జెనాయిదా అనే మనిషి ఇంకా లేదు.

విన్న నోర్మా ఇంక చాలంది. నాన్న తల బాగుచెయ్యబోయి నాన్ననే పోగొట్టుకుంటున్నావంది. ఆ ఆదివారం జెనాయిదా హాలుకి వెళ్ళలేదు. మళ్ళీ ఆదివారమూ వెళ్ళలేదు. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. అతను ఆవిణ్ణి 'అండీ' అనడం మానేశాడు. అసలు ఏమీ అనడం మానేశాడు. ఒక పొద్దున మంచం అంచున ఒక మేజోడుతో కూర్చుని ఉన్నాడు, రెండోది చేతిలో ఉంది, అది దేనికో తెలీడం లేదు. కళ్ళల్లో భయం కూడా లేదు. ఒఫేలియా లేదు, జెనాయిదా లేదు, నీలం బండి కూడా లేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. జెనాయిదా ఆ గది గుమ్మంలో చాలాసేపు నిలబడింది. తన మొగుడై ఉండి ఎక్కడా లేకుండా పోవడమా, ఎక్కడో ఒకచోట బతికి ఉండి తన మొగుడు కాకపోవడమా? దేవుణ్ణి అడిగింది. ఆయన రెండో గదిలో ఉన్నట్టున్నాడు, పలకలేదు. చివరికి మోకాలు పట్టుకుని నేల మీద కూర్చుని ఆ రెండో మేజోడు తనే తొడిగింది.

ఆదివారం వచ్చింది. చొక్కా ఇస్త్రీ చేసింది. గడ్డం గీసింది, మీసం దువ్వింది, మెడ దగ్గర సెంటు రాసింది. పెళ్ళికొడుకుని చేస్తున్నట్టే ఉందని తనకే అనిపించి, చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ రాసింది. హాలుకి వచ్చి అతన్ని ఒఫేలియా దగ్గరికి తనే నడిపించుకెళ్ళింది. నాన్న గురించి అడిగితే కోపం తగ్గిందని చెప్పమంది. ఒఫేలియా తన చేతిసంచి ఆవిడకి అందించింది. జెనాయిదా తిరిగొచ్చి గోడ పక్కన తన కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో రెండు చేతిసంచులు పెట్టుకుంది.

పాట మీద పాట సాగింది. అతను తేటపడ్డాడు. జెనాయిదా చూస్తూనే ఉంది. ఎండ పక్కకి జరిగింది, పిండి బంగారం రంగుకి తిరిగింది. జంటలు తిరుగుతున్నాయో, గోడలు తిరుగుతున్నాయో తెలీని ఆ వేళ ఒకటి ప్రతి ఆదివారమూ వస్తుంది. అప్పుడు ఆ జంటలతో చచ్చిపోయినవాళ్ళు కూడా కలిసి ఆడుతుంటారని పాతవాళ్ళు నమ్ముతారు. జెనాయిదాకి ఎప్పుడో పోయిన అక్క కనపడింది. అక్క కాళ్ళకి ఆనాడు తను అడిగి వేసుకున్న బూట్లు ఉన్నాయి. పొమ్మంది అతన్ని మనసులోనే. పో, అక్కడ బాగుంటే అక్కడే ఉండు, నేను చూస్తుంటాను అంది. అనేశాక ఏడుపు రాలేదు, ఒళ్ళు తేలికైంది.

లిబ్రాదో ఆగిపోయాడు.

పాట సగంలో ఉంది. వెనక వస్తున్న జంట అతని వీపుని తగిలి పక్కకి తప్పుకుంది. దాని వెనకది తడబడింది. అతను హాలు నడిమధ్యన నిలబడి, ఒఫేలియా తల మీదుగా, అవతలి గోడ వైపు చూస్తున్నాడు. చేయి వదిలేశాడు. ఒఫేలియా ఏదో అడిగింది, అతను వినలేదు. నడవడం మొదలుపెట్టాడు. గోడ వెంబడి కాదు, హాలుకి అడ్డంగా. జంటలు విడిపోతున్నాయి, ఎవరో అతని పేరు పిలుస్తున్నారు. మొదటిసారి చూసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ళు కుర్చీల్లోంచి లేచారు.

జెనాయిదా కుర్చీ ముందుకొచ్చి ఆగి టోపీ తీశాడు. రొప్పుతున్నాడు. మొహంలో ఎక్కడా మంచు లేదు. ఆవిణ్ణి ఇంతకుముందెన్నడూ చూడనట్టు చూస్తున్నాడు, చూసినందుకు మతిపోయినట్టు చూస్తున్నాడు.

"ఒక్కరే కూర్చున్నారేంటండీ?"

ఆ 'అండీ' ఇప్పుడు గుచ్చుకోలేదు. ఆనాడు ఈ ప్రశ్నకి తనేమందో జెనాయిదా ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మనవరాలు ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ఆ మాట ఇప్పుడు దానంతటదే వచ్చింది.

"మీతో వచ్చినావిడ అక్కడ నిలబడిపోయింది, చూడండి."

"తెలుసండీ," అన్నాడు లిబ్రాదో. "తప్పే. కానీ చుట్టు తిరిగి వచ్చేలోపు మీరు లేచి ఇంటికెళ్ళిపోతే?"

అక్షరం పొల్లు పోలేదు. ఆనాడూ ఇదే అన్నాడు. జెనాయిదా చేతిసంచులు గట్టిగా పట్టుకుంది.

"నాకు కాలు నొప్పి. ఆడలేను."

"ఎత్తకండి. అసలు ఎత్తకండి. నేల మీద అలా జార్చండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను."

చేయి చాచాడు. ఇంజన్ నూనె మరకలు ఏనాడో పోయిన చేయి, మచ్చలు పడ్డ చేయి. జెనాయిదా సంచులు కుర్చీలో పెట్టి లేచింది. మోకాలు ఒక్కసారి కలుక్కుమంది. ఆవిడ దాన్ని ఎత్తలేదు. జార్చింది. అతను అరక్షణం ఆగాడు, ఆవిడ ఆ అరక్షణంలో సర్దుకుంది.

లోపలి వరసలో అందరికంటే లోపలగా, అడుగుకి జానెడు చొప్పున, వాళ్ళు కదిలారు. హాలు నడిమధ్యన ఒఫేలియా వెండి బూట్లతో అలాగే నిలబడి ఉంది. వాళ్ళు పక్కనించి పోతుంటే జెనాయిదా కళ్ళు ఆమె కళ్ళని వెతికాయి.

"రెండోసారీ నేనేనా?" అంది ఒఫేలియా. మొహం మీద నవ్వుంది, చెంపలు తడిగా ఉన్నాయి. ఈసారి ఆమె పాట అయ్యేదాకా నిలబడలేదు. తనూ హాలుకి అడ్డంగా నడిచి వెళ్ళి, జెనాయిదా కుర్చీలో కూర్చుని, రెండు సంచులూ ఒళ్ళో పెట్టుకుని, బూట్లు విప్పేసి పాదాలు నొక్కుకుంది.

లిబ్రాదో పేరు అడిగాడు. జెనాయిదా చెప్పింది. ఆ పేరుని అతను ఒకసారి నెమ్మదిగా పలికి చూసుకున్నాడు, నచ్చినట్టు తలూపాడు. రేపు ఇది గుర్తుండదని ఆవిడకి తెలుసు. ఒక ఆదివారం ఈ గోడ దగ్గరికి కూడా అతను రాలేకపోతాడని తెలుసు. ఆ సంగతి ఆవిడ అతని భుజం మీద తలతో పాటు పెట్టి ఊరుకుంది.

"మీ ఇల్లెక్కడండీ?" అతని మీసం చెవికి తగిలింది. "పాట అయ్యాక నా బండిలో దింపుతాను."

"దింపండి," అంది జెనాయిదా. "దారి నేను చెబుతాను."